వేణుగోపాల్‌కు ముప్పై అయిదు గుణాలు

కట్టలేరు పొంగి గంపలగూడెం బస్సులు మూడు రోజులు నిలిచిపోయిన ఏడాది ఒకటుంది. దాని తరవాత మూడో వేసవిలో జరిగింది ఇది. కేలండరు కావలసినవాళ్ళకు రెండువేల ఎనిమిది, జూన్ నెల.

ఆ పొద్దున తిరువూరు పురోహితుడు దత్తాత్రేయులు వేసుకున్న పథకం చిన్నది. జపం ముగించాలి. ఎ.కొండూరులో గృహప్రవేశం చేయించి రావాలి. భోంచేసి, కరెంటు ఉన్నంతసేపు కంప్యూటరు ముందు కూర్చోవాలి. అంతకుమించి ఆయన దేవుణ్ణి ఏమీ అడగలేదు.

కంప్యూటరు ఆయన సరదాకి కొన్నది కాదు. బస్టాండు ఎదురుగా కంప్యూటర్ జాతకాల షాపు వెలిశాక, చేత్తో వేసిన జాతకం ఎవరి కంటికీ ఆనడం లేదు. అందుకని రిపేరు కొట్టు సాయికుమార్ దగ్గర ఒక పాత కంప్యూటరూ ప్రింటరూ తీసుకున్నాడు. ఎక్కడో మూతపడిన నెట్ సెంటరులోది. సాయికుమార్ జాతకాల ప్రోగ్రాం ఎక్కించి, పోతూ పోతూ రెండు సంగతులు చెప్పాడు.

"లోపల బ్యాటరీ చచ్చిపోయిందండి. ఆపినప్పుడల్లా తేదీ వెనక్కి పోద్ది. ఎప్పుడు తెరిచినా పంతొమ్మిదొందల ఎనభై, జనవరి ఒకటి, రాత్రి పన్నెండు నుంచే మొదలెడుతుంది. జాతకానికి పుట్టిన తేదీ మీరే కొడతారు కాబట్టి ఇబ్బంది లేదు."

"రెండోది?"

"ఇందులో ఒక ఆట ఉందండి. తీసెయ్యమంటారా?"

"ఏం ఆట?"

"జపాను వాళ్ళది. గడ్డిలో తిరిగే వింత జంతువుల్ని పట్టుకుని, పెంచి, పందేలకి దింపాలి. అయితే ఇది అసలుది కాదు. ఎవరో ఆ ఆట పిచ్చోళ్ళు దాన్ని విప్పి, వాళ్ళకి నచ్చినట్టు మార్చుకున్నారు. అసలు దాంట్లో జంతువు పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్తే లేస్తుంది. వీళ్ళు ఆసుపత్రి పీకేశారు. పోతే పోయినట్టే."



"ఉండనీ," అన్నాడు దత్తాత్రేయులు. "న్యాయంగానే ఉంది."

రెండు నెలల్లో ఆయన ఆరు జంతువులను పట్టాడు. పట్టిన ప్రతిదానికీ ఆట పేరు అడుగుతుంది. పేర్లు పెట్టడం ఆయన వృత్తి. నక్షత్రం తెలియకుండా పేరు పెట్టే మనిషి కాడు. జంతువు చేతికి చిక్కిన క్షణమే అది పుట్టిన క్షణమని లెక్క వేసుకుని, జాతకాల ప్రోగ్రాం తెరిచి 'ప్రస్తుత సమయం' అనే బటన్ నొక్కేవాడు. ఆ కంప్యూటరుకు ప్రస్తుతం అంటే ఎప్పుడూ ఎనభై జనవరి ఒకటే. అందుకని ఆరింటికీ మృగశిర రెండో పాదమే వచ్చింది. ఆ పాదానికి అక్షరం 'వో'. వోతో పేరు దొరక్క, పక్క పాదంలోంచి 'వే' అరువు తెచ్చుకున్నాడు. వేదమూర్తి, వేమయ్య, వేంకటస్వామి, అలా. తేదీ తప్పని ఆయనకు తెలుసు. గడ్డిలో దొరికినవాడు ఏ ఏడు పుడితేనేం అని ఊరుకున్నాడు.

అందరిలోకీ వేణుగోపాల్ అంటే ఆయనకు అభిమానం. దున్నపోతు ముఖం, కప్ప కాళ్ళు. వాడి జాతకం ఒక్కటే అచ్చు తీశాడు. కాయితం వెనక తన చేతిరాతతో, మరిచిపోకుండా ఉండటానికి, ఇలా రాసుకున్నాడు: 'నీటి స్వభావం. నిప్పు పడదు. నిదానస్తుడు. ముగ్గురు పెద్దలను గెలిచాడు. ఇంకా మారలేదు. ముప్పైలో మారతాడు.'

ఆ ఆటలో ఊరికొక పందేల పెద్ద ఉంటాడు. జంతువులు గెలిచినకొద్దీ మెట్టు మెట్టుగా ఎదుగుతాయి. ఒక మెట్టు దగ్గర రూపం మార్చుకుని బలం పుంజుకుంటాయి. వేణుగోపాల్ అప్పటికి ఇరవై ఏడో మెట్టు మీద ఉన్నాడు.

దత్తాత్రేయులు భార్య కనకలక్ష్మి బల్ల మీద కాయితం ముక్క నిలవనిచ్చే ఇల్లాలు కాదు. జాతకం కాబట్టి తీసి జాతకాల్లో పెట్టింది. పేరు మగవాడిది, ఏడు ఎనభై కాబట్టి పెళ్ళికొడుకుల కట్టలో పెట్టింది. కిందటి సాయంత్రం ఆయన ఇంట్లో లేనప్పుడు పత్తి మిల్లు వెంకటకృష్ణారావు వస్తే, ఆ కట్ట ఆయన చేతికిచ్చి పంపింది.

వెంకటకృష్ణారావు కూతురు శ్రీలలిత హైస్కూల్లో సైన్సు చెబుతుంది. అదే బళ్ళో పెనుగొలను నుంచి వచ్చే జయకృష్ణ లెక్కలు చెబుతాడు. ఇద్దరికీ ఇష్టం. కులం ఒకటే, గోత్రాలు వేరు, రెండు ఇళ్ళకూ అభ్యంతరం లేదు. తీరా జాతకాలు చూస్తే పదిహేడు గుణాలు కలిశాయి. ముప్పై ఆరింటిలో పద్దెనిమిదైనా రావాలి. ఆ పదిహేడు లెక్కగట్టింది దత్తాత్రేయులే. వెంకటకృష్ణారావు తూకంలో గుప్పెడు తగ్గినా బస్తా వెనక్కి పంపే మనిషి. ఆషాఢం వచ్చేలోగా ఇంకో సంబంధం చూసి తీరతానన్నాడు. శ్రీలలిత అన్నం మానలేదు గాని మాట మానేసింది.

ఆ పొద్దున దత్తాత్రేయులు జపం మధ్యలో ఉండగా వెంకటకృష్ణారావు గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో వేణుగోపాల్ కాయితం ఉంది.

"ఇదేంటండీ పంతులుగారూ. ఇంత మంచి సంబంధాన్ని కట్టలో అట్టడుగున పెట్టి మాతో ఒక్క మాట చెప్పలేదు. రాత్రి పంచాంగంలో పట్టిక ముందేసుకుని నేనే చూశాను. మా అమ్మాయి రోహిణి, ఇతను మృగశిర. ముప్పై అయిదు. ముప్పై ఆరింటికి ముప్పై అయిదండీ."

దత్తాత్రేయులు ఉలిక్కిపడ్డాడు. కాని జపంలో మాట్లాడకూడదు. మాట్లాడితే మొదటినుంచీ చేయాలి. మొదటినుంచీ చేస్తే ఎ.కొండూరులో ముహూర్తం దాటిపోతుంది. కాదు కాదని తల అడ్డంగా ఊపాడు.

"కాలేదా? ఇంకా ఎవరికీ ఖాయం కాలేదా? అయితే మంచిదే. ముందు మేమే అనుకోండి. ఎక్కడుంటాడు కుర్రాడు?"

దత్తాత్రేయులు జపమాల లేని చేత్తో కంప్యూటరు గది చూపించాడు. అదేదో చూస్తే ఆయనకే అర్థమవుతుందని.

"మీ ఇంట్లోనే దిగాడా? ఆ మాట చెప్పరే." వెంకటకృష్ణారావు గదిలోకి తొంగి చూశాడు. గుడ్డ కప్పిన కంప్యూటరు తప్ప ఏమీ లేదు. "లేడేంటి?"

దత్తాత్రేయులు తల ఎత్తి, ఆగిపోయిన ఫాను వైపు వేలు చూపించాడు. కరెంటు లేదు, ఇప్పుడు కనపడడు అని ఆయన భావం.

"పైకా? పైకెళ్ళాడా? పైకంటే..." వెంకటకృష్ణారావు కాయితం తిప్పి వెనక రాత చూశాడు. "ఆఁ, సాగర్ డ్యామ్ మీదికి. నీటి స్వభావం అని ఇక్కడ రాశారుగా. ఇరిగేషనా పంతులుగారూ?"

దత్తాత్రేయులు కళ్ళు మూసుకున్నాడు.

"అనుకున్నాను. నిప్పు పడదంటే బీడీ, సిగరెట్టు ముట్టడన్నమాట. ముగ్గురు పెద్దల్ని గెలిచాడంటే, ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చుంటారు లెండి. ఇంకా మారలేదంటే ట్రాన్స్‌ఫర్ అవలేదు. ముప్పై నిండాక అవుతుంది. అప్పటికి వీళ్ళ కాపురం కుదురుకుంటుంది." కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గురువారం చూపులకి రమ్మనండి. ఫోటో అక్కర్లేదు. ముప్పై అయిదుకి ఫోటో ఎందుకండీ?"

జపం ఇంకా సగం ఉండగానే ఆయన వెళ్ళిపోయాడు. దత్తాత్రేయులు అడిగినదానికి సగం చెప్పి, అడగనిదానికి ఏమీ చెప్పని మనిషి. ఈ సంగతి చెప్పాలంటే మాత్రం మొత్తం చెప్పాలి. కంప్యూటరు కొన్నది ఎందుకు, మధ్యాహ్నాలు తలుపు వేసుకుని చేస్తున్నది ఏమిటి, అన్నీ. సాయంత్రం చూద్దాంలే అనుకుని ఎ.కొండూరు బస్సెక్కాడు.

తిరిగొచ్చి భోంచేసేసరికి ఒంటిగంట. కరెంటు వచ్చింది. మిల్లుకు వెళ్ళి సంగతి చెప్పేముందు వేణుగోపాల్‌ను ఒకసారి చూసి వెళదామని కూర్చున్నాడు. చూస్తే ఊరుకోబుద్ధి కాలేదు. ఇంకో మూడు మెట్లెక్కితే మారతాడు. ఆశకు పోయి నిప్పుకొండ గుహలోకి తీసుకెళ్ళాడు. గుమ్మంలోనే ఒకణ్ణి గెలిచి ఇరవై ఎనిమిదో మెట్టెక్కాడు వేణుగోపాల్. రెండడుగులు వేశాక మంటల తోక ఉన్న ముంగిస ఒకటి ఎదురొచ్చి, ఒక్క దెబ్బ కొట్టింది.

తెర మీద వేణుగోపాల్ పక్కకి ఒరిగి, మాయమయ్యాడు. జాబితాలో ఆరుగురు ఐదుగురయ్యారు.

దత్తాత్రేయులు కంప్యూటరు ఆపేసి పెరట్లోకి వెళ్ళి, కట్టుబట్టలతో తల మీద నాలుగు చెంబులు పోసుకున్నాడు. ఎందుకు పోసుకున్నాడో ఆయనకే తెలియదు. అలవాటు.

కనకలక్ష్మి వంటింటి గుమ్మంలోంచి చూసింది.

"ఈ వేళప్పుడు స్నానమేంటండీ? ఎవరు పోయారు?"

"వేణుగోపాల్."

"ఏ వేణుగోపాలండీ? పొద్దున వెంకటకృష్ణారావుగారు గుమ్మంలో నిలబడి చెప్పుకున్న కుర్రాడా?"

"వాడే."

"అయ్యో రామా. మీకు బాగా తెలుసా?"

"రెండు నెలలుగా చేతిలో పెరిగాడు."

"ఎలా పోయాడండీ?"

"నిప్పులో. తప్పు నాదే." ఆయన తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

సరిగ్గా అప్పుడే వెంకటకృష్ణారావు భార్య కోటేశ్వరమ్మ స్టీలు డబ్బా నిండా లడ్లు పట్టుకుని వచ్చింది. ఆ డబ్బా కనకలక్ష్మి చేతికి అందేలోపలే సంగతి కోటేశ్వరమ్మ చెవికి అందింది. ఆవిడ అరుగు మీద కూలబడింది. లడ్లు వెనక్కి తీసుకెళ్ళాలో, ఇచ్చి వెళ్ళాలో తోచక, డబ్బా ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఏడిచి, డబ్బాతోనే వెళ్ళిపోయింది.

పొద్దునే వెంకటకృష్ణారావు మిల్లులో అందరికీ నోరు తీపి చేసి ఉండటంతో, పెళ్ళికొడుకు పోయాడన్న కబురు ఎవరికీ మొదటినుంచీ చెప్పాల్సిన పని లేకపోయింది. నాలుగు గంటలకు దత్తాత్రేయులు కూరగాయల కోసం బజారుకు వెళ్ళేసరికి అది ఆయనకంటే ముందే అక్కడుంది.

"విన్నారా పంతులుగారూ," అంది వంకాయలు తూస్తూ జోజమ్మ. "ఆ మిల్లు షావుకారు కూతురికి చూసిన పిలగాడు మధ్యాన్నం పోయాడంట. చూపులన్నా కాలేదు. ఆ పిల్ల జాతకం అట్టాంటిదంట. మళ్ళీ ఎవడొస్తాడు చెప్పండి, చూస్తా చూస్తా?"

దత్తాత్రేయులు సంచీ ముందుకు చాపినవాడు చాపినట్టే ఉండిపోయాడు. తన మాట పోతుందని పొద్దుటినుంచీ నోరు మూసుకున్నాడు. ఇప్పుడు పోయేది తన మాట కాదు. తిరువూరులో ఆడపిల్లకు ఈ పేరు ఒకసారి పడితే, ముప్పై అయిదు కాదు, ముప్పై ఆరు వచ్చినా ఆ గుమ్మం ఎవరూ తొక్కరు.

"వంకాయలు?" అంది జోజమ్మ.

"వచ్చి తీసుకుంటా."

వెంకటకృష్ణారావు ఇంటి వరండాలో అప్పటికే పలకరింపులకు వచ్చిన ముగ్గురు నలుగురు ఉన్నారు. శ్రీలలిత లోపలి గుమ్మానికి ఆనుకుని నిలబడి, తను ఎన్నడూ చూడని మనిషి కోసం జనం తనను ఓదార్చడం వింటోంది.

"రండి పంతులుగారూ," అన్నాడు వెంకటకృష్ణారావు నీరసంగా. "ఎట్టా జరిగిందండీ? కాలవలో పడ్డాడా?"

"నిప్పులో."

"ఇరిగేషన్‌లో నిప్పేంటండీ?"

"వేణుగోపాల్ మనిషి కాడు."

"ఛ ఛ. పోయినవాణ్ణి అట్టా అనబాకండి. ఎట్టాంటివాడైనా ఇవ్వాళ అనకూడదు."

"అనడం కాదు. నిజంగానే మనిషి కాడు. దున్నపోతు ముఖం, కప్ప కాళ్ళు."

పలకరింపులకు వచ్చినవాళ్ళలో ఒకాయన, పంతులుగారికి ఎండదెబ్బ తగిలిందేమో మజ్జిగ తెమ్మన్నాడు. చెప్పి లాభం లేదని దత్తాత్రేయులు ముగ్గుర్నీ, అంటే మొగుణ్ణీ పెళ్ళాన్నీ కూతుర్నీ, తన ఇంటికి వెంటబెట్టుకు వచ్చాడు. కంప్యూటరు తెరిచాడు. ఆటా, గడ్డీ, మిగిలిన ఐదుగురూ, అన్నీ చూపించాడు. ఆయన అంతసేపు మాట్లాడటం కనకలక్ష్మి పెళ్ళయ్యాక చూడలేదు. ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విని, "మధ్యాహ్నాలు గ్రహాలు వేస్తున్నారనుకున్నాను," అని ఒక్క మాట అంది.

ముందు మాట్లాడింది శ్రీలలిత. పది రోజుల తరవాత అది ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట.

"ఇది మార్చిన ఆట కదండీ. అసలుది నేను హాస్టల్లో ఆడాను. దాంట్లో నీళ్ళది నిప్పుదాన్ని ఇట్టే ఆర్పేస్తుంది. మరి ఇతనెలా పోయాడు?"

"వీళ్ళు దాన్నీ తిరగేశారమ్మా. ఇందులో నీళ్ళు ఆవిరైపోతాయి."

"తెలిసీ తీసుకెళ్ళారా?"

"ఇంకో మూడు మెట్లే కదా అనుకున్నానమ్మా."

వెంకటకృష్ణారావు కోపం తెచ్చుకుందామనే చూశాడు. తిట్టడానికి ఆధారంగా జేబులోంచి కాయితం తీశాడు. తీసి, రాత్రి ముప్పై అయిదు చూసిన ఆనందంలో చదవకుండా వదిలేసిన కింది వరసలు ఇప్పుడు చదివాడు. చదువుతూ ఒకచోట ఆగాడు.

"ఇరవై ఎనిమిదో ఏట అగ్ని గండం," అన్నాడు మెల్లగా. "పంతులుగారూ, ఎన్నో మెట్టు మీద పోయాడన్నారు?"

"ఇరవై ఎనిమిది."

"నిప్పులో."

"నిప్పులోనే. చూశాను ఆ మాట. ఏళ్ళని ఉంది గాని మెట్లని లేదని వదిలేశాను."

వెంకటకృష్ణారావు కుర్చీలో వెనక్కి వాలి కంప్యూటరు వైపు చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

"బొమ్మకే ఇంత నిక్కచ్చిగా చెప్పిందంటే," అన్నాడు, "ఇక మనిషికి ఎట్టా చెబుతుందో చూడండి. ఇంత మిషను ఇంట్లో పెట్టుకుని ఆ జయకృష్ణది చేత్తో వేశారేంటండీ? పదిహేడంట. ఎవరు చూడొచ్చారు? ఇందులో వేయండి."

దత్తాత్రేయులుకు మనసు చివుక్కుమంది. ముప్పై ఏళ్ళ చేతి లెక్క అది. కాని ఇవ్వాళ తనకు మాట్లాడే హక్కు లేదనుకుని కీబోర్డు దగ్గరకు జరగబోయాడు.

"నేను కొడతాను పంతులుగారూ, లేవండి," అంది శ్రీలలిత. "మీకు అక్షరాలు వెతుక్కునేసరికి మళ్ళీ కరెంటు పోతుంది."

కూర్చుని జయకృష్ణ పేరు కొట్టింది. ఊరు కొట్టింది. తేదీ దగ్గర ఆగింది. తెర మూల చిన్నగా కనపడుతున్న తేదీ వైపు ఒకసారి చూసింది. ఎనభై, జనవరి ఒకటి.

"స్కూలు రికార్డులో ఉన్న తేదీ హెడ్మాస్టరు రాసిందంట నాన్నా. వాళ్ళమ్మగారు చెప్పేది వేరే ఉంది."

అది వింత మాటేమీ కాదు. బళ్ళో వేసేటప్పుడు తేదీ గుర్తులేక హెడ్మాస్టరు చేతికి వచ్చింది రాయించుకున్నవాళ్ళు తిరువూరులో సగం మంది ఉన్నారు. వెంకటకృష్ణారావే వాళ్ళలో ఒకడు. ఆయన తల ఊపాడు. శ్రీలలిత 'ప్రస్తుత సమయం' బటన్ నొక్కింది.

దత్తాత్రేయులు ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. చూశాడు. శ్రీలలిత వెనక్కి తిరిగి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ఫాను వైపు చూశాడు. తిరుగుతోంది.

ప్రింటరు మూలిగి మూలిగి కాయితం కక్కింది. వెంకటకృష్ణారావు పంచాంగం తెరిచి పట్టిక మీద వేలు నడిపించాడు. ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా. మళ్ళీ అడ్డంగా.

"ముప్పై అయిదు," అన్నాడు. "ఇతనికీ మృగశిరే. అది పదిహేడు ఎట్టా అయిందండీ?"

"తేదీలో తేడా," అన్నాడు దత్తాత్రేయులు. అది అబద్ధం కాదు.

మధ్యాహ్నం నుంచీ లడ్ల డబ్బా చేతిలోంచి దించని కోటేశ్వరమ్మ అప్పుడు కాయితం మీదికి వంగింది.

"ఏవండీ, ఇక్కడా ఉందండి ఆ ఇరవై ఎనిమిదో ఏడు. నిప్పు గండం. వద్దండీ బాబూ, మళ్ళీ నేను తట్టుకోలేను."

శ్రీలలిత వేళ్ళు కీబోర్డు అంచును గట్టిగా పట్టుకున్నాయి. అందరూ పంతులు వైపు చూశారు.

దత్తాత్రేయులు కాయితం అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, పైనుంచి కిందిదాకా చదివాడు. చదివినదంతా ఆయనకు కంఠతా వచ్చు.

"ఎనభై జనవరి," అన్నాడు. "మొన్న జనవరికి ఇరవై ఎనిమిది నిండాయి. గండం దాటాడు."

వెంకటకృష్ణారావు లెక్క వేళ్ళ మీద సరిచూసుకుని, పంచాంగం మూసేశాడు. గురువారం చూపులన్నది గురువారమే ఖాయం, మనిషి మాత్రం మారతాడన్నాడు. కోటేశ్వరమ్మ డబ్బా కనకలక్ష్మికి ఇచ్చింది. పొద్దు గూకకముందే వెంకటకృష్ణారావు బజారు మొత్తం తిరిగి, పోయింది కంప్యూటరులో జంతువనీ, అది ఎప్పుడు పోతుందో పంతులుగారి మిషను ముందే చెప్పిందనీ, తన అల్లుడికి గండం దాటిందనీ చెప్పి వచ్చాడు. బస్టాండు ఎదుటి షాపు గుమ్మం దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడి చెప్పాడు.

వెళ్ళేటప్పుడు శ్రీలలిత చెప్పుల దగ్గర ఆగి, ఎవరికీ వినపడకుండా, "తేదీ అట్టా వెనక్కి పోయిందంటే లోపల బ్యాటరీ చచ్చినట్టే. మార్చబాకండి పంతులుగారూ," అంది.

మరునాడు పొద్దునే సాయికుమార్ కొత్త బ్యాటరీ పట్టుకుని వచ్చాడు. ఊరంతా చెప్పుకుంటున్న కంప్యూటరు తన కొట్టులోదని అతనికి సంబరంగా ఉంది. దత్తాత్రేయులు వద్దని పంపేశాడు. అరుగు మీద జాతకాల కోసం వచ్చిన నలుగురిని కూర్చోమన్నాడు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని, వేదమూర్తి, వేమయ్య, వేంకటస్వామి, మిగతా ఇద్దరూ ఏ మెట్టు మీద ఉన్నారో ఒక్కొక్కణ్ణీ చూసుకున్నాడు. అందరిదీ ఒకటే జాతకం. మృగశిరకు శాంతి చేసి, ఇరవై ఏడు దాటకుండా ఐదుగురినీ గడ్డిలోనే ఆపేశాడు.